డయాలసిస్ కోసం డిపాజిట్ మొత్తం తీసేయాలా?

ప్రశ్న: మావారికి 46 ఏళ్లు. కిడ్నీలు 15 శాతం కూడా పనిచేయడం లేదని, కొన్ని నెలల్లో డయాలసిస్ తప్పదని డాక్టరు చెప్పారు. ఇద్దరం ఉద్యోగస్తులమే. ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ అంతా తీసి చేతిలో పెట్టుకోమని, ఆయన్ని ఉద్యోగం మానేయమని బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఉద్యోగం మాత్రం ఇప్పుడే మాన్పించకండి. జీతం ఒక్కటే కాదు, ఆఫీసు ఇచ్చే గ్రూపు ఆరోగ్య బీమా కూడా దాంతోపాటే పోతుంది. జబ్బు బయటపడ్డాక కొత్త పాలసీ దొరకడం చాలా కష్టం. జబ్బు దాచి తీసుకుంటే, తీరా అవసరం పడ్డప్పుడు క్లెయిమ్ తిరస్కరిస్తారు. ఉన్న పాలసీ తీసి, ఆసుపత్రిలో రాత్రి ఉండకుండా చేయించుకునే డయాలసిస్‌కు డబ్బు ఇస్తారో లేదో చూడండి. తీవ్ర వ్యాధుల పాలసీ ఏదైనా ఉంటే అదీ వెతకండి. చాలావాటిలో కిడ్నీ వైఫల్యానికి ఒకేసారి పెద్ద మొత్తం వస్తుంది.

ఇక ఖర్చు. హిమోడయాలసిస్, అంటే యంత్రంతో రక్తం శుద్ధి చేయడం, సాధారణంగా వారానికి 3 సార్లు, ఒక్కోసారి 4 గంటలు. ఏడాదికి 156 సార్లు. కాబట్టి ‘ఒకసారికి ఎంత’ అని అడిగి ఊరుకోకండి. రానుపోను ప్రయాణాలు, రక్తహీనతకు వేసే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్లు, ఐరన్, రక్తపరీక్షలు, తోడు వెళ్లడానికి మీరు పెట్టే సెలవులు, అన్నీ రాసుకోండి. నా దగ్గరికొచ్చే కుటుంబాలు ఎక్కువగా మర్చిపోయేది ఆ సెలవులనే.

హిమోడయాలసిస్ అయితే అన్నిటికన్నా ముందు డబ్బు పెట్టాల్సింది ఫిస్టులాకు. చేతిలో ధమనినీ సిరనూ కలిపే చిన్న ఆపరేషన్ అది. డయాలసిస్ సూదులు గుచ్చడానికి అది సిద్ధం కావాలంటే వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆలస్యం చేస్తే మెడ దగ్గర రక్తనాళంలోకి పెట్టే గొట్టం, అంటే క్యాథెటర్‌తో మొదలుపెట్టాలి. దాంతో ఇన్‌ఫెక్షన్ల ముప్పు ఎక్కువ. అలా ఆసుపత్రిలో చేరాల్సి వస్తే దాచుకున్న డబ్బు కరిగిపోతుంది. ఫిస్టులా చేసిన చేతికి బీపీ చూడనివ్వకండి, రక్తమూ తీయనివ్వకండి.

పొట్టలోకి ద్రవం ఎక్కించి ఇంట్లోనే చేసుకునే పెరిటోనియల్ డయాలసిస్ ఆయనకు పనికొస్తుందేమో డాక్టర్ని అడగండి. రాత్రి నిద్రలో యంత్రంతో జరిగిపోతే పగలు ఉద్యోగం చేసుకోవచ్చు. ద్రవం సంచుల నెల ఖర్చు మాత్రం ముందే కనుక్కోండి.

డిపాజిట్ మొత్తం తీయొద్దు. ఆరు నెలల పూర్తి ఖర్చు సేవింగ్స్ ఖాతాలో ఉంచండి. మిగతాది ఆరేసి నెలల తేడాతో గడువు తీరేలా చిన్న డిపాజిట్లుగా విడగొట్టండి. ఒక భాగాన్ని కిడ్నీ మార్పిడి కోసం ముట్టుకోకుండా ఉంచండి. తగిన దాత ఉంటే కొందరికి డయాలసిస్ మొదలవకముందే మార్పిడి చేస్తారు. ఆ తర్వాత కొత్త కిడ్నీని శరీరం తిప్పికొట్టకుండా రోజూ మందులు వాడాలి, వాటి ఖర్చూ ఆ భాగంలోంచే.