హాలు చిన్నదైతే చేతులు కనిపిస్తాయి

నాయనా,

మన జానపద పాటల్ని గిటార్ మీద పాడే ఆ పెద్దాయన కచేరీ గురించి నువ్వు రాసిన వ్యాసం అందింది. తిరుపతి బాలాజీ కాలనీలో మేడ మీది ఆ చిన్న హాల్లో నువ్వు నా ముందు వరసలోనే కూర్చున్నావట. చీకట్లో గుర్తుపట్టలేదు. ఒకే కచేరీ ఇద్దరం విన్నాం కాబట్టి ఈ ఉత్తరం కాస్త పొడుగవుతుంది. ఓపిగ్గా చదువు.

నీకు భాష ఉంది, వాక్యం ఎక్కడా తడబడదు. కానీ మొదటి మూడు పేరాలూ ఇంట్లో కూర్చుని రాయగలిగినవే. ఆయన ఏ ఊళ్ళో పుట్టారు, మద్రాసులో చదువుకుంటూ బ్యాండ్ ఎప్పుడు పెట్టారు, ఏయే దేశాలు తిరిగారు, ఎవరి పక్కన వాయించారు, అన్నీ ఉన్నాయి. ఆయన గిటార్ చేతిలోకి తీసుకునేసరికి నాలుగో పేరా వచ్చింది. అక్కడైనా ఆగుతావేమో అనుకుంటే ‘శ్రోతల్ని మంత్రముగ్ధుల్ని చేశారు’ అని దాటేశావు. ఆయన పేరు ప్రతిష్ఠలే నీ కళ్ళకు అడ్డం వచ్చాయి. మన ఎదురుగా కూర్చుని పాడిన డెబ్బై దాటిన మనిషి నీ వ్యాసంలో లేడు.

మహతి లాంటి పెద్ద ఆడిటోరియంలో అయితే మనం చూసేది దూరాన ఒక బొమ్మని, వినేది స్పీకర్లని. ఇక్కడ అలా కాదు. డెబ్బై ఎనభై మంది పట్టే హాలు, జానెడు ఎత్తు చెక్క స్టేజీ. ఆయన గోళ్ళు కూడా కనిపించాయి. కుడిచేతివి పెంచుకున్నారు, ఎడమచేతివి మొదలంటా కత్తిరించుకున్నారు. మీటే చేతికి గోరు కావాలి, తీగను నొక్కే చేతికి గోరు అడ్డం. అంత దగ్గర నుంచి చూసినవాడివి, నీ వ్యాసం ఆ చేతుల దగ్గరే మొదలుపెట్టు.

కుడిచేతి సంగతే తీసుకో. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిక్, అంటే తీగ మీటే చిన్న బిళ్ళ, పట్టుకుని లావు తీగల మీద లయ నడిపారు. మిగిలిన వేళ్ళతో సన్న తీగల మీద పాట వరస పలికించారు. కళ్ళు మూసుకుంటే ఇద్దరు కూర్చుని వాయిస్తున్నట్టే ఉంది. ఇంగ్లండులో రిచర్డ్ థాంప్సన్ ఈ పద్ధతికి పెట్టింది పేరు. 1949లో పుట్టిన ఆయన కూడా డెబ్బై దాటాక ఒక్క గిటార్‌తో ఒంటరి కచేరీలు చేసినవారే. వెనక డ్రమ్స్ లేవు, బేస్ గిటార్ లేదు, ఆ పనులన్నీ ఒక్క చేతి మీదే పడతాయి. ‘అద్భుతమైన వేళ్ళ కదలిక’ అని నువ్వు రాసిన చోట ఈ నాలుగు ముక్కలూ పెట్టు. కచేరీకి రాని పలమనేరు పాఠకుడికి కూడా ఆ చెయ్యి కనిపిస్తుంది.

రెండో పాటకు ముందు గిటార్ మెడకు బిగించే క్లిప్పు, కాపో, తీసి తలవైపుకు జరిపారు. చూశావా? మెడ మీద ఒక్కో మెట్టు దాటితే శ్రుతి ఒక అర స్వరం మారుతుంది. ఆ పాట ఆయన నలభైల్లో పాడిన క్యాసెట్ నా దగ్గర ఉంది. ఇంటికొచ్చి శ్రుతిపెట్టె పెట్టుకుని సరిచూశాను. అప్పటికంటే మూడు మెట్లు కింద పాడారు. వయసుతో గొంతు దిగింది. పైస్థాయి కోసం గొంతు చించుకోకుండా, పాటనే తన గొంతు ఉన్న చోటికి తెచ్చుకున్నారు. దాంతో క్యాసెట్‌లో గబగబా పరిగెత్తే పాట ఆ రోజు నిదానంగా, ఒక్కో మాటా ఆగి వినేలా వచ్చింది. నాకు ఇప్పటిదే ఎక్కువ నచ్చింది. నువ్వేమో ‘వయసు పైబడినా గొంతులో అదే పదును’ అని రాశావు. గౌరవం కొద్దీ రాశావని తెలుసు. కానీ ఆ వాక్యం వల్ల ఆయన చేసిన అసలు పని కనబడకుండా పోయింది. గొంతు మారిందని రాయి, మారిన గొంతుతో ఏం చేశారో రాయి. ఆయనకు నువ్వివ్వగల గౌరవం అది.

నాలుగో పాటలో ఒక చరణం మర్చిపోయారు కదా, దాన్నీ వదిలేశావు. ఏం చేశారో గుర్తు తెచ్చుకో. చెయ్యి ఆపలేదు. అదే వరసను గిటార్ మీద ఇంకో ఆవృత్తం తిప్పారు. మన వైపు చూసి నవ్వారు. పల్లవి ఎత్తుకున్నారు. పల్లవి అయ్యేసరికి చరణం దొరికింది. మన జిల్లా పల్లెల్లో భారతం పెట్టినప్పుడు పగలు హరికథ, రాత్రి వీధినాటకం ఉంటాయి కదా. తెల్లవారుజామున దుర్యోధనుడి వేషంలో ఉన్న పెద్దాయన పద్యం మర్చిపోతే హార్మోనియం అదే వరస ఇంకోసారి అందుకుంటుంది, వంతపాట కలుస్తుంది, ఈలోగా పద్యం నోటికొస్తుంది. కింద చాపల మీద కూర్చున్నవాళ్ళెవరూ దాన్ని తప్పుగా చూడరు. ఏళ్ళ తరబడి స్టేజీ ఎక్కినవాళ్ళకే ఆ నిబ్బరం ఉంటుంది. కుర్రవాడైతే టెన్షన్‌తో పాట ఆపేసి సారీ చెప్పేవాడు. ఆ అర నిమిషం గురించి నువ్వు ఒక పేరా రాయొచ్చు. నేనైతే వ్యాసం అక్కడే మొదలుపెట్టేవాణ్ణేమో.

‘సంగీత శాస్త్రం రాకుండా సంగీతం గురించి రాయొచ్చా’ అని ఉత్తరం చివర అడిగావు. రాయొచ్చు. కాకపోతే చూసిన ప్రతి పనికీ ఎందుకు అని అడిగి తెలుసుకునే ఓపిక ఉండాలి. ‘మధ్యలో శ్రుతి చేసుకోవడానికి కొంత సమయం వృథా అయింది’ అని రాశావు. అక్కడ వృథా అయిందేమీ లేదు. ఆయన ఆరు తీగల్లో మూడింటిని, లావు తీగనూ చివరి రెండు సన్న తీగలనూ, ఒక్కో పూర్తి స్వరం దించారు. అలా దించాక ఏ తీగా నొక్కకుండా వరసగా మీటితే సా పా సా మా పా సా అని మోగుతుంది. 1960ల మొదట్లో డేవీ గ్రాహమ్ అనే బ్రిటిష్ గిటారిస్టు మొరాకో వెళ్ళి, అక్కడి ఊద్ అనే అరబ్బు తీగ వాద్యం వాయించేవాళ్ళతో కలిసి వాయించడానికి ఈ శ్రుతి పట్టుకున్నాడు. ఆ తర్వాత జానపదం వాయించే చాలామంది గిటారిస్టులకు అది చేరింది. దాని ప్రయోజనం మన చెవికి వెంటనే తెలుస్తుంది. నాలుగైదు స్వరాల్లో తిరిగే నాట్ల పాటకు సినిమా పాటలాగా స్వరాల గుంపులు, అంటే కార్డ్‌లు మారుస్తూ పోతే పాట మనది కాకుండా పోతుంది. ఈ శ్రుతిలో తంబుర పెట్టినట్టు సా, పా కింద మోగుతూనే ఉంటాయి, పైన పాట దాని దారిన అది నడుస్తుంది. ఇదంతా నాకు పుట్టుకతో వచ్చిన విద్య కాదు. వాయించేవాళ్ళని అడిగి తెలుసుకున్నదే. నువ్వూ అడుగు. విసుక్కునే వాద్యకారుణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు.

ఇంకో సంగతి. మనం హాల్లోకి వెళ్ళాక ఏసీ వేశారు. గది చల్లబడే కొద్దీ ఉక్కు తీగలు బిగుసుకుని శ్రుతి పైకి పోతుంది. అందుకే ప్రతి పాటకీ ముందు చెవి ఒగ్గి సరిచేసుకున్నారు. సరిచేసుకుంటూనే మాట్లాడారు. ఆ మాటలు నీ నోట్‌బుక్‌లో ఒక్కటీ లేకపోవడం నాకు బాధ కలిగించింది. దాని సంగతికి వస్తాను.

‘ఇండియన్ బాబ్ డిలాన్’ అన్నది శీర్షికలోంచి తీసెయ్యి. జానపద గాయకుడిగా పేరొచ్చిన డిలాన్ 1965 జులైలో అమెరికాలో న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకుంటే కొందరు ఈలలు వేసి గోల చేశారు. ఆ కథ వేరు, ఆ దారి వేరు. పోలిక కావాలంటే ఇంకొంచెం దగ్గరిది ఉంది. 1969 మే నెలలో ఇంగ్లండులో ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ అనే బ్యాండ్ వ్యాన్ కచేరీ నుంచి తిరిగొస్తూ రోడ్డు ప్రమాదానికి గురైంది. డ్రమ్మర్ మార్టిన్ లాంబుల్ చనిపోయాడు, 19 ఏళ్ళవాడు. నేను పైన చెప్పిన థాంప్సన్ ఆ బ్యాండ్ గిటారిస్టే, అప్పటికి 20 ఏళ్ళు. మిగిలినవాళ్ళకు పాత పాటలు మళ్ళీ వాయించడానికి మనసొప్పలేదు. తమ దేశపు పాత కథాగేయాలు తీసుకుని, ఫిడేలు, ఎలక్ట్రిక్ గిటార్, డ్రమ్స్‌తో వాటిని కొత్తగా కట్టుకున్నారు. బ్రిటన్‌లో జానపద రాక్ అన్నది అలా స్థిరపడింది. మన దేశంలో కలకత్తాలో 1975 ప్రాంతంలో మొహీనేర్ ఘోడాగులి బృందం, ఊరూరా తిరిగి పాడే బెంగాల్ బావుల్ గాయకుల పాటల ధోరణిని గిటార్ల మధ్యకు తెచ్చింది. ఢిల్లీలో 1990లో ఇండియన్ ఓషన్ బ్యాండ్ మొదలైంది. ఈ వరసలో పెట్టి చూస్తే మన పెద్దాయన ఎవరో పాఠకుడికి అర్థమవుతుంది. ఇదంతా ఒక్క పేరాలో చెప్పు, అదీ వ్యాసం సగం దాటాక.

‘జానపదానికి గిటారా’ అని హాలు మెట్ల మీద ఎవరో గొణిగారని, దానికి జవాబుగా రెండు పేరాలు వాదించావు. తిరుపతిలో ఆ వాదన మనకు అవసరం లేదు. అన్నమయ్య జాజర పాటలు, సువ్వి పాటలు, ఏలలు, లాలిపాటలు జనం నోటి నుంచే తీసుకున్నాడు. ఆయన దగ్గర నువ్వు చూడాల్సింది ఇంకోటుంది. ఆ రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, పాటకో రాగం పేరు ఉంది, స్వరం లేదు. ఆయన ఏ నడకలో పాడాడో, ఎక్కడ ఆపాడో రాసిపెట్టినవాడు లేడు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి వంటివాళ్ళు తమ విద్యతో మళ్ళీ బాణీలు కట్టారు కాబట్టి ఇవాళ మనం వాటిని పాడుకుంటున్నాం. ఇప్పుడు ఫోన్లున్నాయి కదా, అంతా రికార్డ్ అవుతుంది కదా అంటావు. ఆ రోజు నా పక్కనున్నవాళ్ళు తీసిన వీడియో చూశాను. ఆయన ముఖం ఉంది, కాపో జరిపిన చెయ్యి లేదు. ఉన్నా, ఎందుకు జరిపారో వీడియో చెప్పదు. నువ్వు చెప్పాలి.

ఇక మాటల సంగతి. నాట్ల పాటకు ముందు తీగలు దించుతూ ఆయన ఏమన్నారో విన్నావా? ఈ పాట చిన్నప్పుడు పుంగనూరు వైపు ఒక కూలిమనిషి దగ్గర నేర్చుకున్నాననీ, మడి గట్టు మీద తనను కూర్చోబెట్టి ఆమె ఒక్కో చరణం రెండేసి సార్లు పాడి చెప్పిందనీ అన్నారు. నీ వ్యాసంలో ఆ పాట పక్కన ‘సంప్రదాయ గీతం’ అని మాత్రమే ఉంది. క్యాసెట్ అట్ట మీదా అదే ఉంది. జానపద పాటకు హక్కుదారు ఎవరూ లేరు కాబట్టి, రికార్డు మీద బాణీ కూర్చినవాడి పేరు పడుతుంది, పాట ఇచ్చిన మనిషి పేరు పడదు. ఇది నన్ను చాలా కాలంగా కలవరపెడుతున్న విషయం. అమెరికాలో ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ అనే ప్రొఫెసర్ 1882 నుంచి 1898 దాకా ఇంగ్లండు, స్కాట్లండుల 305 కథాగేయాలను సంపుటాలుగా వేశాడు. ఫెయిర్‌పోర్ట్ వాళ్ళు పాడినవాటిలో కొన్ని అందులోవే. ఆ పాటల్లో ఎన్నో స్కాట్లండ్‌లో అన్నా గార్డన్ అనే ఒకే ఒక్క ఆవిడ నోటి నుంచి వచ్చినవి. ఆమె వాటిని అమ్మ దగ్గరా, అమ్మ తోబుట్టువు దగ్గరా, ఇంట్లో పనిచేసిన ముసలి దాది దగ్గరా విన్నది. ఎవరో శ్రద్ధగా రాసి ఉంచారు కాబట్టి 200 ఏళ్ళ తర్వాత తిరుపతిలో కూర్చుని నేను నీకు ఆమె పేరు చెప్పగలుగుతున్నాను. మన నాట్ల పాటల వెనక ఎందరు ఆడవాళ్ళున్నారు? వాళ్ళలో ఎవరి పేరు మనకు తెలుసు?

కచేరీ అయ్యాక నువ్వు ఆయన్ని కలిసి ‘మీకు ప్రేరణ ఎవరు’ అని అడిగావు. వెయ్యిమందికి చెప్పిన జవాబే నీకూ చెప్పారు, నువ్వు దాన్నే కొటేషన్‌గా పెట్టావు. ఆ సమయంలో ఆయన తన కేబుల్ తానే చుట్టుకుంటూ, వాడిన పిక్‌లు ఏరి డబ్బాలో వేసుకుంటూ ఉన్నారు. తొందరేమీ లేదు, అడిగితే చెప్పేవారు.

వచ్చే సంచికకు ఇంకా టైముంది. నిర్వాహకుల దగ్గర ఆయన నంబరు ఉంటుంది, ఫోన్ చెయ్యి. ఇంటర్వ్యూ అని చెప్పకు, ఆ పాట గురించి తెలుసుకోవాలని చెప్పు. ఆమె పేరేమిటి, ఏ ఊరు, ఆమె పాడిన వరసకూ ఆయన ఇప్పుడు పాడేదానికీ తేడా ఏమిటి, మర్చిపోయిన ఆ చరణం ఆమె చెప్పిందేనా, తర్వాత ఆయన కలుపుకున్నదా, ఈ నాలుగూ అడుగు. ఆమె ఇంటివాళ్ళు ఎవరైనా ఆ చుట్టుపక్కల ఉంటే బస్సెక్కి వెళ్ళిరా, పుంగనూరు ఏమంత దూరం కాదు. మొదటి మూడు పేరాలు తీసెయ్యి. పేరు దొరికితే, ఇంటివాళ్ళకు అభ్యంతరం లేకపోతే, దాన్ని వ్యాసం మొదట్లోనే పెట్టి నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ ఊరి పాత రచయిత