పాత డెస్క్‌టాప్ మీద ఇంకా ఖర్చు పెట్టాలా, కొత్తది కొనాలా?

ప్రశ్న: నా డెస్క్‌టాప్ 2016లో కొన్నది. ఆరో జనరేషన్ ఐ5, 8 జీబీ డీడీఆర్4 ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 10. ఇంటి నుంచే చిన్న వ్యాపారాలకు లెక్కలు రాస్తుంటాను. ఆన్ చేశాక పని మొదలుపెట్టడానికి ఐదారు నిమిషాలు పడుతోంది. ఈ మధ్య తేదీ దానంతటదే వెనక్కి పోతోంది, బ్యాంకు సైటు తెరుచుకోవడం లేదు. మదర్‌బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మార్చాలని మెకానిక్ అంటున్నారు. దానికి కొత్త కంప్యూటర్ ధరలో 60 శాతం అవుతుంది. పోయినేడాదే పవర్ సప్లై మార్చాను, ఇంత పెట్టాక వదిలేయాలంటే మనసొప్పడం లేదు. రిపేరు చేయించాలా, ఈఎంఐలో కొత్తది కొనాలా, అత్యవసర నిధి తీయాలా?

జవాబు: చివరి మాటతో మొదలుపెడతాను. అత్యవసర నిధి జోలికి వెళ్లకండి. నెల జీతం లేని మీకు రెండు నెలలు పని తగ్గితే ఇల్లు నడిపేది ఆ డబ్బే. పైగా మీరు చెప్పిన రెండు ఇబ్బందులూ చూస్తుంటే చిన్న ఖర్చుతో తేలేలా ఉన్నాయి.

తేదీ సంగతి చూద్దాం. కరెంటు లేనప్పుడు కూడా గడియారం నడవడానికి మదర్‌బోర్డు మీద నాణెంలాంటి బ్యాటరీ ఒకటి ఉంటుంది. ఎక్కువగా సీఆర్2032 అనే 3 వోల్టులది. కొన్నేళ్లకు అది అయిపోతుంది. అప్పటినుంచి స్విచ్చి కట్టేసిన ప్రతిసారీ తేదీ పాత సంవత్సరానికి వెళ్లిపోతుంది. బ్యాంకు సైటు భద్రతా సర్టిఫికెట్ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకే చెల్లుతుంది. మీ కంప్యూటర్ లెక్కలో ఆ తేదీ ఇంకా రాలేదు కాబట్టి బ్రౌజర్ ఆపేస్తోంది. ముందు ఆ బ్యాటరీ మార్పించండి. డెస్క్‌టాప్ మొత్తంలో అంత చవకైన భాగం ఇంకొకటి ఉండదు. అది మార్చి చూడకుండానే బోర్డు మార్చమన్నారంటే నాకు బాధ కలిగింది.

ఇక నెమ్మదితనం. రేపు ఆన్ చేయగానే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ చూడండి. డిస్క్ 100 శాతం దగ్గర అతుక్కుపోయి, సీపీయూ 10, 20 శాతంలో ఉంటే ప్రాసెసర్ ఖాళీగా కూర్చుని డిస్క్ కోసం ఎదురుచూస్తోందన్నమాట. చెవి దగ్గర పెడితే గరగరమని శబ్దం కూడా వినిపిస్తుంది. హార్డ్‌డిస్క్‌లో తిరిగే పళ్లెం మీద ఒక్కో ముక్క వెతకడానికి సుమారు 10 మిల్లీసెకన్లు పడుతుంది. హార్డ్‌డిస్క్ బదులు వేసుకునే ఎస్‌ఎస్‌డీలో చిప్‌లే తప్ప కదిలే భాగాలు లేవు, ఆ పని మిల్లీసెకనులో పదో వంతులో అయిపోతుంది. విండోస్ లేచేటప్పుడు ఇలాంటి చిన్న చిన్న ముక్కలు వేలల్లో చదవాలి. నా ఆఫీసు కంప్యూటర్‌కు కూడా ఇదే జరిగింది. ఎస్‌ఎస్‌డీ వేయించాక కొత్తది కొనే ఆలోచన మూడేళ్లు వెనక్కి జరిగింది.

ఇప్పుడు డబ్బు లెక్క. పాతదాని మీద పెట్టే ప్రతి ఖర్చుకూ నేను అడిగేది ఒకటే: ఈ భాగం తర్వాతి కంప్యూటర్‌లోకి కూడా వస్తుందా? ఎస్‌ఎస్‌డీ వస్తుంది. పోయినేడాది కొన్న పవర్ సప్లై మామూలు ఏటీఎక్స్ సైజుదైతే, తర్వాత అసెంబుల్ చేయించుకునేదానికి అదీ వస్తుంది, కాబట్టి ఆ డబ్బు పోయిందని బెంగ వద్దు. డీడీఆర్4 ర్యామ్ మాత్రం దాని తర్వాతి రకమైన డీడీఆర్5 బోర్డులో అసలు దూరదు, గాడి వేరే చోట ఉంటుంది. అందుకే టాస్క్ మేనేజర్‌లో మెమరీ ఎప్పుడూ 85, 90 శాతం దాటుతుంటే తప్ప ఇప్పుడు ర్యామ్ కొనకండి. ప్రాసెసర్ ఒక్కటే మార్చుకుందామని ఎవరైనా ఎనిమిదో జనరేషన్‌ది చవగ్గా ఇస్తామన్నా వద్దు. ప్రాసెసర్ కూర్చునే సాకెట్ పేరు రెండింటికీ 1151 అనే ఉంటుంది కానీ మీ పాత బోర్డు మీద అది పనిచేయదు.

కొత్త కంప్యూటర్ ధర 100 అనుకోండి. 7 ఏళ్లు వాడితే ఏడాదికి 14 చొప్పున పడుతుంది. మెకానిక్ చెప్పిన 60 పెట్టి 5 ఏళ్లు లాగితే ఏడాదికి 12. తేడా 2 మాత్రమే, ఆ 60లో ఎస్‌ఎస్‌డీ కూడా లేదు, పాత హార్డ్‌డిస్క్ అలాగే ఉంటుంది. అంటే అంత ఖర్చు పెట్టినా మీ ఐదారు నిమిషాలు పెద్దగా తగ్గవు. నేనైతే దానికి ఒప్పుకోను.

అయితే మీ విషయంలో ఒక గడువు ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. పొడిగింపు పథకంలో నమోదు చేసుకున్న వ్యక్తిగత వాడకందారులకు భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకు. ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో జనరేషన్ నుంచే విండోస్ 11కు అధికారికంగా అర్హత, మీ ఆరో జనరేషన్‌కు లేదు. అడ్డదారిలో ఎక్కించేవాళ్లు ఉంటారు. మీ దగ్గర పది మంది వ్యాపారాల లెక్కలు ఉన్నాయి, ఆ రిస్కు మీకు తగదు.

కాబట్టి ఇప్పుడు బ్యాటరీ, ఎస్‌ఎస్‌డీ, లోపల దుమ్ము శుభ్రం చేయించడం, అంతే. కొత్తదాని ధరలో 10 శాతం దాటితే ఆపేయండి. ఆ గడువు లోపల కొత్తది కొనేలా, ఈఎంఐ అయితే నెలకు ఎంత కట్టేవారో అంతా ఈ నెల నుంచే వేరే ఖాతాలో వేయండి. వేయడం కష్టమనిపిస్తే ఈఎంఐ కూడా అంతే కష్టమయ్యేదని ముందే తెలిసిపోతుంది. గడువు నాటికి కొంచెం తక్కువ పడితే ఆ కాస్తకే వాయిదాలు పెట్టుకోవచ్చు. నో కాస్ట్ ఈఎంఐ, అంటే వడ్డీ లేని వాయిదాలు అన్నప్పుడు ప్రాసెసింగ్ ఛార్జీ ఎంతో, ఒకేసారి కడితే ఎంత తగ్గించేవారో రెండూ అడగండి. మానిటర్, కీబోర్డు, మౌస్ బాగానే ఉంటే సెట్టుగా కొనకుండా సీపీయూ డబ్బా ఒక్కటే తీసుకోండి.

వీటన్నిటికన్నా ముందు, ఈ రోజే లెక్కల ఫైళ్లన్నీ ఒక ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. 2016 నాటి హార్డ్‌డిస్క్ చెప్పకుండా పోవచ్చు. ఎస్‌ఎస్‌డీ బిగించాక కూడా పాత డిస్క్‌ను ఒక నెల ఫార్మాట్ చేయనివ్వకండి. ప్రతి క్లయింటు ఫైలూ కొత్తదాంట్లో ఒకసారి తెరిచి చూసుకున్నాకే చెరిపించండి.