పెట్రోలు ముల్లు గురించి మేనల్లుడికి

చిరంజీవి చిన్నాకి మామయ్య ఆశీస్సులు.

నీ కారు ఫోటో చూశాం. ఎర్ర మాజ్డా మియాటా, టాప్ దించుకునే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, 2019 మోడల్, ఆరు గేర్ల మాన్యువల్. నీ కష్టార్జితంతో కొనుక్కున్నావు, మీ అత్తయ్యకీ నాకూ చాలా సంతోషంగా ఉంది. నిన్న ఫోన్లో రెండు సంగతులు చెప్పావు. నింపాక డెబ్బై ఎనభై మైళ్లు పోయినా ముల్లు కదలడం లేదు, సగం దాటాక మాత్రం గబగబా పడిపోతోంది. డాష్‌బోర్డు గ్యాలన్‌కి 32 మైళ్లు చూపిస్తోంది, నువ్వు లెక్కేస్తే 30 కూడా రావడం లేదు. బండిలో లోపం ఉందేమో, డీలర్‌కి చూపిస్తానన్నావు. వెళ్లేముందు ఈ ఉత్తరం చదువు. వచ్చే నెల డాలస్ నుంచి ఎల్ పాసో నడుపుకుంటూ పోతానన్నావు కదా, ఆ దారి నాకు తెలుసు కాబట్టే ఇంత పొడుగు రాస్తున్నాను.

1998 ఆగస్టులో ఎల్ పాసో నుంచి తిరిగొస్తున్నాం, నేనూ అత్తయ్యా. అప్పుడు నాదీ రెండు సీట్ల కారే, సెకండ్ హ్యాండ్‌ది. వాన్ హార్న్‌లో ఆగి నీళ్ల సీసాలు కొన్నాం. ముల్లు పావు మీద ఉంది. పెకోస్‌లో నింపుదాంలే అనుకుని బయల్దేరాను. ఐ-10 హైవే వదిలి ఐ-20 హైవే ఎక్కాక కూడా ముల్లు అదే పావు మీద ఉంది. బండి మంచి మైలేజీ ఇస్తోందని సంబరపడ్డాను. అక్కడే నాకు అనుమానం రావాల్సింది. ఒక వంపులో ఇంజను ఎక్కిళ్లు పెట్టినట్టు రెండుసార్లు తడబడింది, రోడ్డు తిన్నగా రాగానే సర్దుకుంది. ఇంకో మూడు మైళ్లకి ఆగిపోయింది. మిట్టమధ్యాహ్నం ఎండ, చుట్టూ నీడంటూ లేదు, అత్తయ్యకి అప్పుడు ఐదో నెల. గంటన్నర తర్వాత ఒక ట్రక్కు డ్రైవరు ఆగి తన దగ్గరున్న డబ్బాలోంచి ఒక గ్యాలన్ పోశాడు. ఆ గంటన్నర నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

తర్వాత మెకానిక్ ట్యాంకులోంచి పెట్రోలు మట్టం కొలిచే సెండర్ తీసి నా చేతిలో పెట్టాడు. అగ్గిపెట్టె అంత పలక, దాని మీద వెంట్రుకల్లాంటి సన్నటి గీతలు, వాటి మీద రాసుకుంటూ జరిగే చిన్న రేకు. రేకుకి ఒక తీగ, తీగ చివర పెట్రోలు మీద తేలే బెండు. బెండు దిగేకొద్దీ రేకు జరుగుతుంది, కరెంటుకి తగిలే అడ్డు మారుతుంది, దాన్నిబట్టి ముల్లు కదులుతుంది. నా బండిలో సరిగ్గా పావు దగ్గర గీతలు అరిగి నల్లటి గాడి పడింది. రేకు ఆ గాడిలో తట్టుకుని నిలబడిపోయేది. పెట్రోలు దిగిపోయినా ముల్లుకి ఆ కబురు అందలేదు.

నీ బండి సంగతి వేరు. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు బెండు పైకప్పుకి ఆనుకుని ఉంటుంది. పెట్రోలు కాస్త దిగి బెండుకి చోటు వచ్చేదాకా ముల్లు కదలదు. పైగా స్పోర్ట్స్ కారులో ట్యాంకుకి దొరికేది ఇరుకు జాగా. సీట్ల వెనక, ఇరుసు పైన, ఎక్కడ ఖాళీ ఉంటే ఆ ఆకారంలో చేస్తారు. కుండలో నీళ్లు గుర్తు తెచ్చుకో, పొట్ట దగ్గర ఒక చెంబు తీస్తే మట్టం ఎంత దిగుతుంది, మెడ దగ్గర తీస్తే ఎంత దిగుతుంది? అందుకని ముల్లు మీద సగం అంటే ట్యాంకులో కచ్చితంగా సగం అని అనుకోకు. మలుపుల్లో పెట్రోలు ఊగుతుంది కాబట్టి ముల్లు ఊగకుండా దాని కదలికని కావాలనే నెమ్మది చేస్తారు. నువ్వు చెప్పిన లక్షణాలకి డీలర్‌కి డబ్బు కట్టక్కర్లేదు. నిండు దగ్గర కాక మరెక్కడైనా ఒకేచోట ఆగిపోవడం, ఉన్నట్టుండి సున్నాకి పడి మళ్లీ లేవడం, నింపినా పైకి రాకపోవడం, ఇవి కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా చూపించు.

ఇక మైలేజీ. డాష్‌బోర్డు చూపించేది ఇంజనులోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు ఎంతసేపు తెరుచుకున్నాయో చూసి కంప్యూటర్ కట్టే అంచనా. చాలా బండ్లలో అది ఉన్నదానికన్నా కాస్త ఎక్కువే చెబుతుంది. నిజం తెలియాలంటే దారి ఒకటే. పంపు తనంతట తాను టక్కుమని ఆగేదాకా నింపు, తిరిగిన మైళ్లు లెక్కపెట్టే ట్రిప్ మీటర్ సున్నా చెయ్యి. మళ్లీ నింపేటప్పుడు వీలైతే అదే స్టేషన్, అదే పంపు. మళ్లీ మొదటి టక్కుకే ఆపు. 287 మైళ్లు తిరిగాక 9.6 గ్యాలన్లు పట్టిందనుకో, 29.9 వచ్చినట్టు. మన లెక్కలో లీటరుకి పన్నెండున్నర కిలోమీటర్ల పైచిలుకు. ఒక్కసారి లెక్కతో నిర్ణయానికి రాకు. పంపు ఒకరోజు ముందు ఆగుతుంది, ఒకరోజు ఆలస్యంగా ఆగుతుంది. ఐదారు సార్లవి కలిపి మొత్తం మైళ్లని మొత్తం గ్యాలన్లతో భాగించు. ఇంకో గుక్క పడుతుందని టక్కుమన్నాక కూడా నొక్కుతూ కూర్చోకు. ట్యాంకు ఆవిరి పీల్చే బొగ్గు డబ్బా ఒకటి ఉంటుంది, దానిలోకి పెట్రోలు పోతే ఖర్చు నీదే.

మైళ్ల లెక్క కూడా సరిచూసుకోవాలి. పాత ఓనరు టైర్లు మార్చాడన్నావు. చక్రం చిన్నదైతే అదే దూరానికి ఎక్కువ తిరుగుతుంది, ట్రిప్ మీటర్ లేని మైళ్లు కూడా కలుపుతుంది. హైవే పక్కన మైలురాళ్ల బోర్డులు ఉంటాయి కదా, ఇరవై మైళ్లు వాటితో పోల్చి చూడు. మీటర్ ఇరవైన్నర చూపిస్తే నీ మైలేజీలో రెండున్నర శాతం గాలి లెక్కే.

నీ బండికి అమెరికా ప్రభుత్వ అంచనా ఊళ్లో 26, హైవే మీద 34, కలిపి 29. నీకు ముప్పైకి దగ్గరగా వస్తోందంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టే. చలికాలంలో ఇంకా తగ్గుతుంది, కంగారు పడకు. చల్లబడ్డప్పుడు టైర్లలో గాలి కూడా తగ్గుతుంది, నెలకోసారి పొద్దున్నే బండి తీయకముందు చూసుకో. టాప్ దించి డెబ్బైలో వెళ్తే గాలి పట్టి వెనక్కి లాగుతుంది, అది నువ్వు సరదాగా పెట్టే ఖర్చు, పెట్టుకో. పల్లంలో మాత్రం న్యూట్రల్‌లో వేయకు. మన ఊళ్లో పాత స్కూటర్ల మీద నేర్చుకున్న అలవాటది. ఈ బండి గేర్లో ఉండగా యాక్సిలరేటర్ వదిలితే ఇంజెక్టర్లు పూర్తిగా మూసుకుంటాయి, న్యూట్రల్‌లో అయితే ఇంజను ఆగకుండా ఉండటానికి పెట్రోలు తాగుతూనే ఉంటుంది. బ్రేకు పట్టు కూడా గేర్లోనే బాగుంటుంది.

పంపు మీద ఆక్టేన్ నంబరు 87 చూసి, మన దేశంలో మామూలు పెట్రోలుకే 91 ఉండేదే అని అనుమానపడ్డావట, మీ అమ్మ చెప్పింది. కొలిచే పద్ధతి వేరు. ఇక్కడి 87 ఇంచుమించు అక్కడి 91. నీ బండికి ఏది పోయాలో మాన్యువల్‌లో రాసుంటుంది, అదే పొయ్యి.

ఎల్ పాసో దారి గురించి చెప్పి ముగిస్తాను. దాదాపు 635 మైళ్లు. నీ ట్యాంకు 11.9 గ్యాలన్లు. వెళ్లేలోపు ఊళ్లోనే, స్టేషన్ పక్కనుండగా, పెట్రోలు తక్కువైందని చెప్పే లైటు వెలిగాక నింపి ఎంత పడుతుందో ఒకసారి చూడు. 9.9 పట్టిందంటే ఇంకా రెండు గ్యాలన్లు మిగిలినట్టు. ఆ రెంటినీ 29తో గుణించుకుని 58 మైళ్లు పోతానని ధైర్యపడకు. పడమటి టెక్సాస్‌లో గంటకి 80 మైళ్ల స్పీడు లిమిట్, ఎదురుగాలి ఉంటే ఆ 29 నీకు రాదు. ఇంకెన్ని మైళ్లు పోతుందో చూపించే అంకె కూడా ఇంతకుముందు నువ్వు ఎలా నడిపావో దాన్నిబట్టి కట్టిందే, ముందున్న ఎత్తు దానికి తెలియదు. పైగా ఇంజనుకి పెట్రోలు తోడే పంపు ట్యాంకులోనే మునిగి ఉంటుంది, ఆ పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది. అడుగంటా నడిపితే పంపు దెబ్బతింటుంది. అందుకే ఒడెస్సా దాటాక సగానికి రాగానే నింపు. పెకోస్‌లో, వాన్ హార్న్‌లో అవసరమున్నా లేకపోయినా ఆగు. పది నిమిషాలు నడుముకీ విశ్రాంతి.

పోస్టులో ఒక చిన్న నోటు పుస్తకం పంపుతున్నాను. తేదీ, మైళ్లు, గ్యాలన్లు, ఏ ఊళ్లో నింపావు, నాలుగు గడులు గీసి పెట్టాను. పెన్ను కూడా అందులోనే ఉంది, గ్లోవ్ బాక్సులో పెట్టుకో. ఎల్ పాసో చేరాక ఎంత రాత్రయినా సరే అత్తయ్యకి ఫోన్ చెయ్యి, మేం మెలకువగానే ఉంటాం.

ఇట్లు,
నీ మామయ్య