అనుభవమున్న ప్రోగ్రామర్లు ఆన్‌లైన్‌లో కొత్తవాళ్ళని ఎందుకలా కసురుకుంటారు?

ఆన్‌లైన్‌లో అడిగిన మొదటి ప్రోగ్రామింగ్ ప్రశ్నకే మైనస్ ఓట్లు పడ్డాయని, గంటలోపే దాన్ని మూసేశారని, ఇక ఎక్కడా నోరు తెరవాలనిపించడం లేదని మీరు రాశారు. చదువుతుంటే నాకు 2013 గుర్తొచ్చింది.

అప్పుడు అమీర్‌పేటలో కోర్ జావా, అంటే జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో మొదటి పాఠాలు, నేర్చుకుంటున్నాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం. క్లాసు నిండా జనం, ఆఖరి వరుసలో కూర్చుంటే బోర్డే సరిగా కనిపించేది కాదు, ఇక సార్‌ని ఏం అడుగుతాం? హాస్టల్‌కి వచ్చి చిన్న ప్రోగ్రామ్ రాశాను. ముందు వయసు అడగాలి, తర్వాత పేరు. వయసు బాగానే అడిగేది. పేరు దగ్గర మాత్రం ఆగకుండా ముందుకు వెళ్ళిపోయేది. రెండు రాత్రులు దాంతోనే గడిచాయి. సెమికోలన్లు ఒక్కొక్కటీ చూసుకున్నాను, జావా మొత్తం తీసేసి మళ్ళీ ఎక్కించాను. చివరికి ధైర్యం చేసి ఒక గ్రూపులో ఇంగ్లిష్‌లో అడిగాను. "రెస్పెక్టెడ్ సర్, ఐ హ్యావ్ ఎ డౌట్" అని మొదలుపెట్టాను.

గూగుల్ చెయ్యమని ఒకరు, హోంవర్క్ మాతో చేయించుకోకని ఇంకొకరు. మూడో ఆయన నా సమస్య వదిలేసి 'డౌట్' అన్న మాట పట్టుకున్నాడు. మనకి డౌట్ అంటే అడిగి తెలుసుకోవాల్సిన విషయం. బయటివాళ్ళకి అది నమ్మకం లేకపోవడం. జావా మీద నీకు నమ్మకం లేదా అని ఆయన అంటే, కింద నలుగురైదుగురు నవ్వు బొమ్మలు పెట్టారు. తల కొట్టేసినట్టయింది. పోస్టు తీసేద్దామని వెళ్ళేసరికి నాలుగో జవాబు వచ్చి ఉంది.

ఆయన రాసింది ఇదీ: వయసు చదవడానికి నువ్వు వాడిన నెక్స్ట్‌ఇంట్ అంకెను మాత్రమే తీసుకుంటుంది, దాని తర్వాత నువ్వు నొక్కిన ఎంటర్ అక్కడే మిగిలిపోతుంది. వెంటనే పేరు చదవడానికి వచ్చే నెక్స్ట్‌లైన్ ఆ ఎంటర్‌ని చూసి లైను అయిపోయిందనుకుని, ఖాళీగా తిరిగొస్తుంది. అందుకే మధ్యలో ఇంకో నెక్స్ట్‌లైన్ పెట్టు. ఇంకా చదవాలంటే 'న్యూలైన్ మిగిలిపోవడం' అని వెతుకు. అంతే, నాలుగైదు లైన్లు.

గూగుల్ చెయ్యమన్నవాళ్ళు అబద్ధం చెప్పలేదు, జవాబు గూగుల్‌లో ఉంది. కానీ ఏమని వెతకాలి? పేరు అడగడం లేదు అని అప్పటికే పదిసార్లు వెతికాను. సమస్యని ఏమంటారో తెలియకపోవడమే కొత్తవాళ్ళ అసలు కష్టం. ఆ నాలుగో ఆయన నాకిచ్చింది ఆ మాట.

ఇప్పుడు నేనూ జవాబులు రాసేవైపు ఉన్నాను కాబట్టి వాళ్ళ విసుగూ తెలుసు. నేను అడిగిన ఇదే ప్రశ్న నాకు వారానికోసారైనా కనిపిస్తుంది. స్క్రీన్‌ని ఫోన్‌తో ఫోటో తీసి 'పనిచేయట్లేదు, అర్జెంట్' అని పెడతారు. ఆఫీసు పని అయ్యాక ఉచితంగా కూర్చుని రాసేవాళ్ళకి ఓపిక తగ్గడం సహజం. పైగా అన్ని చోట్లా పద్ధతి ఒకటి కాదు. 2008లో జెఫ్ ఆట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ ప్రోగ్రామింగ్ ప్రశ్నలు, జవాబుల సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లోని మొదలుపెట్టింది, ఒకసారి వచ్చిన జవాబు తర్వాత వెతుక్కుంటూ వచ్చేవాళ్ళందరికీ ఉండాలని. అందుకే అక్కడ ఒకే ప్రశ్న రెండోసారి వస్తే మూసేసి పాత జవాబు చూపిస్తారు. నమస్కారాలు, థాంక్యూలు కూడా తీసేస్తారు. మనకది చెంప దెబ్బలా తగులుతుంది, వాళ్ళకి అది పుస్తకాలు సర్దడం లాంటిది.

అయినా ఈ మాట తీరు తప్పేనని వాళ్ళే ఒప్పుకున్నారు. 2018 ఏప్రిల్‌లో స్టాక్ ఓవర్‌ఫ్లో, తాము కొత్తవాళ్ళని ఆదరించేలా లేమని బహిరంగంగా రాసింది. ప్రవర్తనా నియమాలు మార్చి, కొత్తగా అడిగేవాళ్ళ పేరు పక్కన గుర్తు పెట్టడం ఆ ఏడాదే మొదలైంది. ఆ సెప్టెంబరులోనే, లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెలాంటి కెర్నల్‌ని మొదలుపెట్టిన లినస్ టోర్వాల్డ్స్, ఏళ్ళ తరబడి మెయిళ్ళలో తోటి డెవలపర్లని తిట్టినందుకు క్షమాపణ చెప్పి, ఆ కెర్నల్ పని నుంచి కొన్నాళ్ళు తప్పుకున్నాడు. పనిమంతుడైతే నోటి దురుసు భరించాలి అన్న వాదన నాకు ఎప్పుడూ నచ్చలేదు. పెద్దాయన అలా మాట్లాడితే, రెండేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళూ అదే గొప్ప అనుకుంటారు.

నేనూ ఒకసారి తప్పు చేశాను. ఒక అబ్బాయికి "ముందు డాక్యుమెంటేషన్ చదువు" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. తెల్లారి చూస్తే ప్రశ్న లేదు, ఆ అకౌంటూ లేదు. ఆ అబ్బాయి ఎవరో కూడా తెలియదు, క్షమించమని అడగడానికి. అప్పటినుంచి విసుగ్గా ఉన్న రోజు జవాబు రాయను, ట్యాబ్ మూసేస్తాను.

మీరు మాత్రం ఆ ప్రశ్న మళ్ళీ అడగండి. కోడ్‌ని ఫోటోగా కాకుండా అక్షరాలుగా, సమస్య వచ్చే ముక్క వరకే పెట్టండి. ఎర్రర్ పూర్తిగా పెట్టండి. ఏం జరగాలనుకున్నారు, ఏం జరిగింది, ఇప్పటికే ఏమేం చేసి చూశారో రెండు లైన్లు రాయండి. సర్ అక్కర్లేదు, అర్జెంట్ అసలే వద్దు. అక్కడికి వెళ్ళడానికి ఇంకా భయంగా ఉంటే ఈ జవాబు కిందే కామెంట్‌లో పెట్టండి, తెలుగులోనే రాయండి. రాత్రి తొమ్మిది దాటాక చూస్తాను.