గేమింగ్ పీసీ కొనేముందు ఓ మాట

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన లిస్టు తీరిగ్గా చూశాను. ఎనిమిది కోర్ల ప్రాసెసర్, లిక్విడ్ కూలర్, లైట్లు వెలిగే ర్యామ్, అద్దాల క్యాబినెట్... హడావుడి బాగానే ఉంది. గ్రాఫిక్స్ కార్డు దగ్గరికి వచ్చేసరికి మాత్రం మిగిలిన డబ్బుకి ఏది వస్తే అది రాసేశావు. పవర్ సప్లై ఎదురుగా "ఏదో ఒక 500 వాట్లది" అని ఉంది. మానిటర్ ఊసే లేదు. ఇది గేమ్స్ ఆడటానికి కొనే పీసీ కాదురా, ఫొటో తీసి పెట్టుకోడానికి కొనే పీసీ.

ముందు మానిటర్ తేల్చుకో. 1920×1080 తెరలో దాదాపు 20.7 లక్షల పిక్సెళ్లు ఉంటాయి. 2560×1440లో 36.9 లక్షలు. 4కే అయితే 83 లక్షల దాకా. ప్రతి ఫ్రేముకీ ఆ చుక్కలన్నిటికీ రంగు లెక్కగట్టాల్సింది గ్రాఫిక్స్ కార్డే. అంటే పెద్ద రిజల్యూషన్ మానిటర్ కొన్న రోజే పెద్ద కార్డు కూడా కొంటానని ఒప్పుకున్నట్టు. నీ బడ్జెట్‌కి 1080పీ, 144 హెర్ట్జ్ ఐపీఎస్ ప్యానెల్ (పక్కనుంచి చూసినా రంగులు పెద్దగా మారని రకం) చాలు. 60 హెర్ట్జ్ మానిటర్‌లో బొమ్మ 16.7 మిల్లీసెకన్లకోసారి మారుతుంది, 144లో 6.9 మిల్లీసెకన్లకే మారుతుంది. ఆ తేడా మౌస్ కదిపిన మొదటి నిమిషంలోనే తెలుస్తుంది.

ఏ గేమ్స్ ఆడతావో కూడా నిజం చెప్పుకో. రోజూ వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటివే అయితే మామూలు కార్డు సరిపోతుంది, ఆ మిగిలింది ప్రాసెసర్ మీద పెట్టొచ్చు. సైబర్‌పంక్ 2077 లాంటి భారీ గేమ్స్ అయితే భారమంతా కార్డు మీదే. నువ్వు రెండోరకం అనుకుని మిగతాది రాస్తున్నాను.

మానిటర్ పక్కన పెడితే, మొత్తం ఖర్చులో ఇంచుమించు 40 శాతం గ్రాఫిక్స్ కార్డుకే పోనీ. ఇక్కడ పేర్ల దగ్గర జాగ్రత్త. ఒకే పేరుతో రెండు రకాల సరుకు అమ్ముతారు. ఆర్‌టీఎక్స్ 3050 అని 8 జీబీది ఉంది, 6 జీబీది ఉంది. తేడా మెమరీ ఒక్కటే అనుకుంటారు, కానీ 6 జీబీ దాంట్లో కోర్లు కూడా తక్కువ. అంతకుముందు జీటీ 1030కి ఇంకా ఘోరం చేశారు, జీడీడీఆర్5 అనే వేగమైన గ్రాఫిక్స్ మెమరీ బదులు మామూలు డీడీఆర్4 పెట్టి అదే పేరుతో అమ్మారు. ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ రెండూ 8 జీబీ, 16 జీబీ రకాల్లో వస్తున్నాయి. బిల్లు కట్టేముందు పెట్టె మీద ఎన్ని జీబీలో నీ కళ్లతో చూసుకో.

వీర్యామ్, అంటే కార్డు సొంత మెమరీ గురించి ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. అది నిండిపోతే కార్డు ఎంత వేగంగా ఉన్నా లాభం లేదు. టెక్స్‌చర్లు (గేమ్‌లో వస్తువుల మీద పరిచే బొమ్మలు) మామూలు ర్యామ్‌లోకి పోయి, కార్డునీ మదర్‌బోర్డునీ కలిపే పీసీఐఈ దారిలో వెనక్కి రావాలి. గేమ్ కుదుపులు కుదుపులుగా నడుస్తుంది, లేదంటే గోడలూ ముఖాలూ మసక మసగ్గా కనిపిస్తాయి. 1080పీలో 8 జీబీతో ఇప్పటికి నెట్టుకు రావచ్చు, కొత్త భారీ గేమ్స్‌లో సెట్టింగులు తగ్గించుకోవాలి. 12 గానీ 16 గానీ అందితే అదే తీసుకో, లైట్లన్నీ మానేసినా సరే. ఇంటెల్ ఆర్క్ బీ580కి 12 జీబీ ఉంది, మంచి కార్డే, కాకపోతే దానికి బయోస్‌లో, అంటే మదర్‌బోర్డు సొంత సెట్టింగుల్లో, రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్నీ ప్రాసెసర్ ఒకేసారి అందుకునే ఏర్పాటు) ఆన్‌లో ఉండి తీరాలి. పాత మదర్‌బోర్డు మీద పెట్టి కార్డు బాగాలేదని తిట్టకు.

ప్రాసెసర్‌కి ఆరు కోర్లు చాలు. రైజెన్ 5 5600, కోర్ ఐ5 12400ఎఫ్, ఈ రెండూ ఈ పనికి నిలబడతాయి. చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ చిప్‌లో గ్రాఫిక్స్ ఉండవని గుర్తుపెట్టుకో, 5600లోనూ ఉండవు. అంటే కార్డు తర్వాత కొంటాలే అనుకుంటే ఈలోపు తెర మీద ఏమీ రాదు. కూలర్ పెట్టెలోనే వస్తుందో లేదో అడుగు. వస్తే దానితోనే మొదలుపెట్టు, చప్పుడు భరించలేకపోతే అప్పుడు ఓ మామూలు టవర్ కూలర్ చూసుకో. లిక్విడ్ కూలర్‌ని లిస్టులోంచి కొట్టేయ్.

రైజెన్ ప్రాసెసర్ కూర్చునే చోటు ఏఎం4 సాకెట్టా, ఏఎం5 సాకెట్టా అని అడిగావు. ఏఎం4 చవక, డీడీఆర్4 ర్యామ్‌తో నడుస్తుంది, కానీ దాని దారి దాదాపు అయిపోయింది. 2022లో వచ్చిన ఏఎం5కి డీడీఆర్5 మాత్రమే పనికొస్తుంది. తర్వాత ప్రాసెసర్ ఒక్కటి మార్చుకోవాలంటే అదే నయం. 2025 చివర్లో డేటా సెంటర్ల గిరాకీతో మెమరీ ధరలు బాగా పెరిగాయి కాబట్టి, కొనే రోజున రెండు లెక్కలూ వేసుకో. ఏఎం5కి పోతే గ్రాఫిక్స్ కార్డు ఒక మెట్టు దిగాల్సి వస్తోందంటే, నేనైతే ఏఎం4లోనే ఉండిపోతాను.

ర్యామ్ 16 జీబీ, ఒకే స్టిక్ కాదు, 8 చొప్పున రెండు. రెండు ఛానెళ్లూ కలిసి పనిచేస్తాయి. స్టోరేజీకి 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ. అది జెన్ 3 తరందా జెన్ 4 తరందా అని బుర్ర పాడుచేసుకోకు, గేమ్స్‌లో పెద్ద తేడా రాదు. మదర్‌బోర్డు మధ్యరకంది చాలు. క్యాబినెట్‌కి ముందు భాగం అద్దం కాకుండా జాలీ ఉన్నది చూడు, కార్డు పొడవు అందులో పడుతుందో లేదో మిల్లీమీటర్లలో సరిచూసుకో.

ఇక పవర్ సప్లై. నీ లిస్టులో నాకు టెన్షన్ పెట్టింది ఇదొక్కటే. పెట్టె మీద రాసే వాట్ల అంకె నమ్మకు. పక్కనున్న లేబుల్‌లో 12 వోల్టుల వరసలో ఎన్ని ఆంపియర్లో చూడు. ప్రాసెసరూ కార్డూ లాగేది ఆ వరస నుంచే. 45 ఆంపియర్లుంటే 540 వాట్లు, సరే. పైన 500 అని రాసి 12 వోల్టుల దగ్గర 25 ఆంపియర్లే ఉందనుకో, అది 300 వాట్ల సరుకే. 80 ప్లస్ గుర్తు కరెంటు ఎంత పొదుపుగా వాడుతుందో చెబుతుంది, లోపలి భాగాల నాణ్యత గురించి ఏమీ చెప్పదు. అది ఉంటే మంచిదే, కానీ అదొక్కటే చూసి కొనకు. ఐదేళ్లు, అంతకుమించి వారంటీ ఇచ్చేది, షార్ట్ సర్క్యూట్, ఓవర్‌లోడ్ రక్షణలున్నది, 550 నుంచి 650 వాట్ల మధ్యది తీసుకో.

నీ పీసీ లాగేది 300 దాటకపోవచ్చు. ఉదాహరణకి ఆర్‌టీఎక్స్ 4060 లాగేది 115 వాట్లే. మరి అంత ఎందుకంటే, కార్డులు క్షణకాలం ఒక్కసారిగా ఎక్కువ లాగుతుంటాయి, పైగా రేపు కార్డు మార్చినా ఇదే పవర్ సప్లై ఉంటుంది. ఇంకో మాట, మాడ్యులర్ కేబుళ్లు (పవర్ సప్లై నుంచి ఊడదీసే రకం) ఒక పవర్ సప్లైవి ఇంకోదానికి పెట్టొద్దు. కనెక్టర్ సరిగ్గా కూర్చున్నా లోపల వైర్ల వరస వేరుగా ఉండొచ్చు, ఎస్‌ఎస్‌డీలు మాడిపోతాయి.

బిగించే రోజున: ర్యామ్ స్లాట్లు నాలుగుంటే సాధారణంగా ప్రాసెసర్ నుంచి రెండోదీ నాలుగోదీ వాడాలి, మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది. మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకి కాదు, గ్రాఫిక్స్ కార్డుకి. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ గానీ ఎక్స్‌పో గానీ ఆన్ చేయకపోతే ర్యామ్ తక్కువ వేగంలోనే పడుంటుంది. విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో 144 హెర్ట్జ్ నువ్వే ఎంచుకోవాలి. కొని 60లోనే ఆడుకునేవాళ్లు బోలెడంతమంది.

వస్తువులన్నీ ఒకే వారంలో కొను. ఒకటి ఇప్పుడు, ఒకటి రెండు నెలలకి కొంటే, బిగించి చూసేసరికి మొదటిదాని రిటర్న్ గడువు అయిపోతుంది. మొదటి మూడు రోజులూ బాగా బరువైన గేమ్ గంటల తరబడి ఆడు, మధ్యలో ఆగిపోతుందా, రీస్టార్ట్ అవుతుందా చూడు. పెట్టెలూ బిల్లులూ అప్పటిదాకా పారేయనివ్వద్దని అక్కకి కూడా చెప్పు.

మీ మామయ్య