మార్కులు బాగున్నాయి, సీటుకు ఇంకేం కావాలి?

ప్రశ్న: మా అమ్మాయి పదకొండో తరగతి. మార్కులు చాలా బాగా వస్తాయి. డిగ్రీకి హార్వర్డ్, ఎంఐటీ లాంటి చోట్ల దరఖాస్తు చేయాలని ఉంది. మార్కులొక్కటే చాలవంటున్నారు. డ్యాన్సు, రోబోటిక్స్, సేవా సంస్థ, డిబేటు... అన్నింట్లో చేర్పించమంటారా?

జవాబు: వద్దండీ. అలా చేస్తే ఉన్న బలం కూడా పలచబడుతుంది. అమెరికాలో చాలా యూనివర్సిటీలకు ఒకే ఫారంతో పంపే ‘కామన్ యాప్’ దరఖాస్తులో చదువు కాక చేసే పనులకు 10 గడులుంటాయి. ఒక్కోదాని వివరణకు దక్కేది 150 అక్షరాలే, ఖాళీలతో కలిపి. ఏయే తరగతుల్లో చేశారు, వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అనీ నింపాలి. పది పనులూ పదకొండులోనే మొదలైతే ఎందుకు చేరారో చదివేవారికి ఇట్టే తెలిసిపోతుంది. గంటలన్నీ కూడితే నిద్రకు కూడా టైము మిగలని దరఖాస్తుల్ని ఎవరూ నమ్మరు. ఎంఐటీ సొంత దరఖాస్తులోనైతే ముఖ్యమైన నాలుగు పనులే రాయమంటారు.

‘లైబ్రరీ క్లబ్ లీడర్, నాయకత్వ లక్షణాలు పెంచుకున్నాను’ అని రాస్తే ఏమీ చెప్పనట్టే. ‘1,200 పుస్తకాలకు జాబితా తయారుచేశాను, చిన్న తరగతులకు వారం వారం పుస్తకాలిచ్చే పద్ధతి పెట్టాను, ఇప్పుడు జూనియర్లు నడుపుతున్నారు’ అంటే పని కళ్ల ముందు కనిపిస్తుంది. తమ్ముణ్ని చూసుకోవడం, జీతానికి పనిచేయడం కూడా ఇందులో రాయొచ్చు, వాటికి విడిగా విభాగాలే ఉన్నాయి. చాలామంది చిన్నతనమనుకుని వదిలేస్తారు, అది పెద్ద నష్టం.

ఇక మార్కులు. తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగేళ్లవీ చూస్తారు. స్కూలు తన ప్రొఫైల్ కూడా పంపుతుంది. అక్కడ ఏ కోర్సులున్నాయో, మార్కులెలా వేస్తారో అందులో ఉంటుంది. స్కూల్లో లేని కోర్సు గురించి దిగులు పడకండి. కష్టమైనది అందుబాటులో ఉండి కూడా తేలికది ఎంచుకుంటే మాత్రం కొట్టొచ్చినట్టు కనబడుతుంది. శాట్ లేదా ఏసీటీ (అమెరికా డిగ్రీ ప్రవేశాలకు రాసే పరీక్షలు) స్కోరు హార్వర్డ్, ఎంఐటీ అడుగుతాయి, బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ అసలు చూడదు. మంచి స్కోరు దరఖాస్తును పోటీలో నిలబెడుతుంది, అంతే. అలాంటి స్కోరున్నవాళ్లు సీట్లకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

అందరూ చివరికి వదిలేసేది టీచర్ల సిఫార్సు లేఖలు. నా దృష్టిలో దరఖాస్తు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఎంఐటీ ఒకటి లెక్కలు లేదా సైన్సు టీచరు నుంచి, మరొకటి భాష లేదా సాంఘిక శాస్త్రాల టీచరు నుంచి కోరుతుంది. ప్రిన్సిపాల్ పేరు కోసం పాకులాడకండి. క్లాసులో అమ్మాయి అడిగిన ప్రశ్న గుర్తున్న టీచరే మేలు. గడువుకు రెండు నెలల ముందే అడగాలి. ఒక పేజీలో గుర్తులు రాసివ్వాలి: ఏ పాఠం దగ్గర తడబడింది, ఎలా దాటింది, ఏ ప్రాజెక్టులో ఏ భాగం తనది. ఇవి లేకపోతే ‘క్రమశిక్షణ గల విద్యార్థిని, ఎప్పుడూ ఫస్టు’ అని రాసేస్తారు. ఆ సంగతి మార్కుల జాబితా ముందే చెప్పేసింది.

కామన్ యాప్‌లో తన గురించి రాసే వ్యాసానికి హద్దు 650 పదాలు. పనుల జాబితాను అందులో మళ్లీ ఏకరువు పెట్టొద్దు. పెద్దలు తిరగరాస్తే పదిహేడేళ్ల పిల్ల గొంతు పోతుంది. తప్పులు దిద్దండి, వాక్యాలు మార్చకండి.

ప్రశ్న: ఫీజు సాయం అడిగితే సీటు అవకాశం తగ్గుతుందా?

జవాబు: హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హెర్స్ట్, డార్ట్‌మత్‌లలో తగ్గదు. విదేశీ విద్యార్థులకైనా అంతే. మిగతా చాలా చోట్ల విదేశీయుల విషయంలో అదీ లెక్కలోకి వస్తుంది. అలాగని అడగకుండా చేరి, తర్వాత చూద్దాం అనుకోకండి. దరఖాస్తు నాడు అడగనివారికి తర్వాత ఇవ్వని యూనివర్సిటీలు చాలా ఉన్నాయి. ‘ఎర్లీ డెసిషన్’ కింద, అంటే ఒకే యూనివర్సిటీకి మాటిచ్చి ముందుగా దరఖాస్తు పంపితే, సీటొచ్చాక చేరి తీరాలి. కాబట్టి ఖర్చు లెక్క చూసుకున్నాకే దాని జోలికి వెళ్లండి.