ఉత్తరాలు మన ఇంటికే వచ్చాయనుకో

గుంటూరు,
ఆదివారం సాయంత్రం

అబ్బాయ్,

వందనాలు. మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. "పెదనాన్నా, అపొస్తలుల బోధలో నడవాలని ప్రతి ఆదివారం వింటున్నా. సోమవారం పొద్దున బెజవాడ ఆటోనగర్లో కొట్టు షట్టరెత్తాక ఎలా నడవాలో మాత్రం ఎవరూ చెప్పట్లేదు" అన్నావు. వాళ్లనేమీ అనకు. అది మైకులో చెబితే తెలిసే సంగతి కాదు.

నేను పాస్టరు అయ్యగారిని కాను. ముప్పై నాలుగేళ్లు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాగా చేసినవాణ్ణి. గ్రీకూ హెబ్రీ నాకు రావు. పట్టీలు రాయడం, కాటా చూడడం వచ్చు. ఆ కళ్లతోనే బైబిల్లో పత్రికలు, అంటే అపొస్తలులు రాసిన ఉత్తరాలు, చదివాను, కాబట్టి నా సలహాలో కూడా కాస్త మిర్చి ఘాటు ఉంటుంది, ఓర్చుకో.

ముందు చదివే పద్ధతి మార్చుకో. మనకి వాక్యం క్యాలెండర్ మీద వస్తుంది, వాట్సాప్ స్టేటస్‌లో వస్తుంది. ఒక వచనం, పక్కన గులాబీ పువ్వు. పౌలు రాసినవి ఉత్తరాలు. ఇంటికి ఉత్తరమొస్తే మధ్యలో ఒక్క లైను చదివి జేబులో పెట్టుకుంటామా? ఫిలేమోనుకి రాసింది ఒకటే అధ్యాయం, 25 వచనాలు. టీ చల్లారేలోపు అయిపోతుంది. యాకోబు పత్రిక అయిదు అధ్యాయాలు, ఇరవై నిమిషాలు చాలు. మొదటినుంచి చివరిదాకా ఒక్క బిగిన, పైకి చదువు. మొదట్లో సంఘాలవాళ్లు అలాగే విన్నారు, ఒకళ్లు చదువుతుంటే మిగతావాళ్లు చుట్టూ చేరి.

చివర్లో అన్నీ పేర్లే కదా అని దాటేయకు. రోమా పత్రిక పదహారో అధ్యాయం తీసి చూడు. కెంక్రేయ సంఘంలో సేవ చేసే ఫీబే ఉంటుంది, పౌలు కోసం ప్రాణాలకు తెగించిన ప్రిస్కా అకులా ఉంటారు, రూఫు వాళ్ల అమ్మ ఉంటుంది. ఆవిడ తనకీ తల్లే అంటాడు పౌలు. ఎప్పుడో ఎక్కడో ఇంత అన్నం పెట్టి ఉంటుంది ఆ తల్లి. అంత పెద్ద సిద్ధాంతం రాసినవాడు ఆ సంగతి మర్చిపోలేదు.

ఇక యాకోబు పత్రికంటే నాకెందుకు భయమో చెప్తాను.

మా కొట్టుకి కోల్డ్ స్టోరేజీ పక్కన ఒక షెడ్డుండేది. సీజన్లో ఇరవై మంది ఆడవాళ్లు అక్కడ కూర్చుని తొడిమలు తీసేవాళ్లు, తాలు కాయలు ఏరేవాళ్లు. శనివారం కూలి రోజు. ఓనరు ఒక్కో శనివారం మధ్యాహ్నానికే ఇంటికెళ్లిపోయేవాడు, "సోమవారం ఇస్తామని చెప్పవయ్యా" అని. చెప్పేది నేను. ఆయన దగ్గర డబ్బు లేక కాదు, ఆ డబ్బు ఇంకో రెండు రోజులు ఎక్కడో తిరిగితే లాభం కాబట్టి. ఒక ఏడాది అది వరసగా మూడు వారాలు సాగింది. మూడు వారాలూ నేనే గుమ్మంలో నిలబడి "రేపు రండమ్మా" అన్నాను. నాకు మాత్రం నా జీతం ఒకటో తారీకున వచ్చేస్తూనే ఉంది.

ఆ ఆదివారం గుళ్లో పత్రిక పాఠం చదివే వంతు నాది. యాకోబు అయిదో అధ్యాయం. చేలు కోసినవాళ్ల కూలి మీరు బిగపట్టారు, ఆ కూలే మొరపెడుతోంది, ఆ కేకలు ప్రభువు చెవిన పడ్డాయి అనే చోటికొచ్చి తలెత్తాను. ఎడమవైపు మూడో వరసలో మా షెడ్డువాళ్లు ఇద్దరు. నన్ను చూడట్లేదు. తల వంచుకుని వాళ్ల చేతులు వాళ్లు చూసుకుంటున్నారు. మిర్చి ఏరిన చేతులు రాత్రంతా మండుతాయిరా, మజ్జిగలో ముంచుకుని పడుకునేవాళ్లు. నాకు గొంతు పెగల్లేదు. అయ్యగారు దగ్గనుకున్నారు. గుంటూర్లో దగ్గొస్తే ఎవరికీ అనుమానం రాదు కదా.

సోమవారం వెళ్లి ఓనర్ని నిలదీశాననుకోకు. రెండు రోజులు నసిగాను. బుధవారం మాత్రం ఒక మాటన్నాను. "శనివారం డబ్బు నా చేతికివ్వకపోతే రేపు రండి అని నేను చెప్పలేనండీ, మీరే చెప్పండి." ఆయన నాలుగు మాటలన్నాడు. కానీ ఇరవై మంది ముందు నిలబడి ఆ ముక్క తన నోటితో చెప్పడం ఆయన వల్ల కాలేదు. ఆ శనివారం డబ్బొచ్చింది. తర్వాత కూడా ఎక్కువసార్లు వచ్చింది, అన్నిసార్లూ అనను.

హెల్పర్ కుర్రాళ్ల బత్తా నీ చేతిమీదుగానే పోతుందన్నావు. అందుకే ఇదంతా రాశాను. నువ్వు ఓనరువి కావు, అయినా చెయ్యి నీదే. పొద్దుపోయేలోగా వాళ్ల డబ్బు వాళ్లకి అందేలా చూడు. ఆలస్యమయ్యేటట్టుంటే ముందురోజే చెప్పు. కచ్చా బిల్లుల సంగతి అడిగావు. నీ సంతకం కింద అబద్ధం రాయకు, వీలైనంత మర్యాదగా చెప్పి చూడు, వినకపోతే ఇంకో పని వెతుక్కో. ఇంకో పని దొరికేదాకా ఇది మానకు. పౌలు కూడా కొరింథులో డేరాలు కుట్టుకుని బతికాడు, ఒకరి మీద బరువు కాలేదు. ఈ వయసులో నువ్వు మీ నాన్న మీద బరువైతే అది సాక్ష్యమేమీ కాదు. ఇంకో మాట, ఫోను ఈఎంఐలో కొనకు. ప్రేమ తప్ప ఇంకేదీ ఎవరికీ అచ్చి ఉండవద్దన్నాడు పౌలు. అచ్చి ఉండడమంటే బాకీ పడడం. ఆ పాతమాట నీకు తెలీదేమోనని చెప్తున్నా.

తర్వాతది బల్ల దగ్గరి విషయం. ఇది మనవాళ్లు ప్రసంగాల్లో దాటేసే చోటు.

గలతీ పత్రిక రెండో అధ్యాయంలో అంతియొకయ గొడవ ఉంది. పేతురు అన్యజనుల్లోంచి, అంటే యూదులు కానివాళ్లలోంచి, వచ్చిన విశ్వాసులతో కలిసి భోంచేసేవాడు. యెరూషలేము నుంచి యాకోబు వైపు మనుషులు వచ్చేసరికి మెల్లగా విస్తరి వెనక్కి జరుపుకున్నాడు. బర్నబా కూడా ఆయనతో పాటే జరిగాడు. పౌలు చాటుగా చెవిలో చెప్పలేదు, అందరిముందే అడిగేశాడు. పేతురు తెలియక చేశాడా? అన్యజనుడైన కొర్నేలి ఇంటికి వెళ్లొచ్చినవాడు ఆయన. తెలిసీ, నలుగురూ ఏమనుకుంటారోనని భయపడ్డాడు.

ఇప్పుడు మన సంగతి. లూథరన్ మిషనరీ హయ్యర్ గారు గుంటూర్లో దిగింది 1842లో. నూట ఎనభై ఏళ్లు దాటింది. ఇంకా మనం కొత్త విశ్వాసి కనబడగానే ఇంటిపేరడుగుతాం, ఊరడుగుతాం, ఊళ్లో ఏ పేటని అడుగుతాం. మూడు ప్రశ్నల్లో కులం పట్టేస్తాం. ఒకే పాటలు పాడి, ఒకే గిన్నెలో ద్రాక్షారసం తాగి, పెళ్లి సంబంధం దగ్గరకొచ్చేసరికి "మనవాళ్లేనా" అంటాం. నేనూ అన్నాను. మీ అక్క పెళ్లప్పుడు అన్నాను, నీకు గుర్తుండే ఉంటుంది. కాబట్టి నీతులు చెప్పను, పని చెప్తాను. నీ సంఘంలో ఎవరింటికి ఎవరూ భోజనానికి వెళ్లరో కనిపెట్టు. వాళ్లు పిలిస్తే వెళ్లు, పిలవకపోతే నువ్వే పిలువు. నీ రూములో గుడ్డు కూరైనా ఫరవాలేదు.

మీ ఇంటి ఓనరమ్మగారు దసరాకి ప్రసాదం తెస్తే ఏం చెయ్యాలో తెలీక బాత్రూములో దాక్కున్నానన్నావు! నేను చాలాసేపు నవ్వాను, మీ పెద్దమ్మకి కూడా చెప్పాను. దాక్కోకు. కొరింథు వాళ్లకి ఇదే చిక్కొచ్చింది, పౌలు మూడు అధ్యాయాలు రాశాడు. నాకర్థమైనంతలో చెప్తాను. పూజలో పాలుపంచుకోవద్దన్నాడు. అదే సమయంలో, ఎవరైనా భోజనానికి పిలిస్తే వడ్డించింది ఆరాలు తీయకుండా తినమన్నాడు. ఇది నైవేద్యం పెట్టింది అని వాళ్లే చెబితే మానెయ్యమన్నాడు. కాబట్టి ప్రసాదమైతే గుమ్మంలోకొచ్చి, రెండు చేతులూ జోడించి, "నేను తీసుకోనండమ్మా, మా పద్ధతి వేరు, ఏమీ అనుకోవద్దు" అను. మామూలు రోజు పులిహోర పెడితే తిను, బాగుందని చెప్పు. ఆవిడ భవానీ దీక్షలో ఉన్నప్పుడు నీ సౌండు బాక్సు కాస్త తగ్గించు.

ఎఫెసులో అల్లరి జరిగింది చూడు, అపొస్తలుల కార్యముల్లో పందొమ్మిదో అధ్యాయం. ఊరంతా అర్తెమిదేవి పేరు చెప్పి రెండు గంటలు కేకలేసింది. చివరికి జనాన్ని సర్దిచెప్పిన అధికారిని మన తెలుగు బైబిల్లో కరణం అన్నారు. ఆ కరణం ఏమన్నాడో చూశావా? వీళ్లు గుడి దోచినవాళ్లు కారు, మన దేవతను దూషించనూ లేదు అన్నాడు. పౌలు అప్పటికే రెండేళ్లకు పైగా ఆ ఊళ్లో వాక్యం చెప్తున్నాడు. అయినా అవతలివాళ్ల అధికారి అంత మాట అనగలిగాడు. ఇంద్రకీలాద్రి కింద బతికే నీ గురించి ఆ ఓనరమ్మ ఆ మాట అనగలిగితే చాలు. ఆవిడే ఫిబ్రవరిలో తిరునాళ్లకి గుణదల కొండెక్కి మేరీమాతకి కొవ్వొత్తి వెలిగిస్తుందట కదా. బెజవాడంటే అంతే మరి.

రూము దగ్గర ఆ కొత్త మందిరానికి వెళ్తున్నావు, వెళ్లు. పాటలు బాగుంటాయన్నావు, సంతోషం. కానీ బెరయ ఊరివాళ్లని గుర్తుపెట్టుకో. స్వయంగా పౌలు వచ్చి చెప్పినా, అవునో కాదోనని వాళ్లు రోజూ లేఖనాలు తిరగేశారు. అందుకు పౌలుకి కోపం రాలేదు, అపొస్తలుల కార్యములు రాసినాయన వాళ్లని ఘనులన్నాడు. ప్రశ్న అడిగితే కోప్పడే సేవకుడి దగ్గర ఎక్కువకాలం ఉండకు.

మందుల సంగతి మరీ జాగ్రత్త. మీ చిన్నత్త స్వస్థత కూడికకి వెళ్లొచ్చి షుగరు మాత్రలు మానేసింది, విశ్వాసముంటే మాత్రలెందుకని ఎవరో అన్నారని. నాలుగు నెలలకి కాలు పుండు పడింది. బొటనవేలు తీసేశారు. విశ్వాసమా? తిమోతికి తరచు కడుపునొప్పొస్తే కాస్త ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు పౌలు, ప్రార్థన చేస్తే చాలనలేదు. త్రోఫిము జబ్బుపడితే మిలేతులో వదిలి వెళ్లాల్సి వచ్చింది. పక్కన వైద్యుడు లూకా ఉండనే ఉన్నాడు. మన ఊరికి మిషనరీ డాక్టర్ కుగ్లర్ 1883లో వచ్చారు. ఆడవాళ్లకి వైద్యం చేయడానికి వచ్చి, 1930లో ఇక్కడే కన్నుమూశారు. ఆవిడకి ప్రార్థన చేయడం రాదా?

కానుకల గురించి రెండు ముక్కలు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు మా సంఘంలో చందాలెత్తి పంపాం. మూడు నెలల తర్వాత ఒక కుర్రాడు లెక్కడిగితే, వసూలు చేసినాయన అలిగి గుడికి రావడం మానేశాడు. మంచివాడే, పైసా తిని ఉండడు. కానీ కాగితం లేదు. యెరూషలేము పేదల కోసం ఎత్తిన డబ్బుని పౌలు ఒంటరిగా మోసుకెళ్లలేదు. తీతుతో పాటు సంఘాలు ఎంచిన మనిషిని జతచేశాడు, దేవుడి ముందే కాదు మనుషుల ముందు కూడా సరిగ్గా కనబడాలని. యువజన కూడికలో నిన్ను కోశాధికారిగా పెడతామంటున్నారట. ఇద్దరు లెక్కపెడితేనే ఒప్పుకో. ఆదివారం రాత్రే పుస్తకంలో రాయి.

ఇవన్నీ ఒకెత్తు. నాకు చేతకానిది ఒకటుంది. పొద్దుగూకేదాకా కోపం నిలవుంచుకోవద్దని ఎఫెసీ పత్రికలో ఉంది. మీ నాన్నా నేనూ ఇంటి గోడ దగ్గర మాట పట్టింపుతో ఆరేళ్లు మాట్లాడుకోలేదు. నువ్వప్పుడు చిన్నవాడివి. మా కోపం మీద రెండువేల పైచిలుకు పొద్దులు గూకాయి. ప్రతి ఆదివారం ఒకే గుళ్లో, చెరో వైపు వరసలో కూర్చుని, ప్రభు భోజన సంస్కారం తీసుకునేవాళ్లం. పెద్దవాణ్ణి, నేనే ముందు వెళ్లాల్సింది. వెళ్లలేదు. ఒక క్రిస్మస్ ముందురోజు వాడే వచ్చాడు, అరిసెల డబ్బా చంకన పెట్టుకుని, ఏమీ జరగనట్టు "వదిన ఉందా?" అని అడుగుతూ. గోడ గురించి ఇప్పటిదాకా ఇద్దరం ఎత్తలేదు. ఆ గోడ ఇప్పటికీ కాస్త మా వైపుకే ఉంది.

సరే, చెయ్యి నొప్పెడుతోంది. ఈ వారం ఫిలేమోను చదువు, అందులోని దాసుడు ఒనేసిము గురించి నీకేమనిపించిందో చెబుదువుగాని. వచ్చే శనివారం సాయంత్రం ప్యాసింజరుకి వచ్చెయ్, పెద్దమ్మ గోంగూర మాంసం చేస్తానంటోంది. పౌలు తిమోతికి రాస్తూ త్రోయలో కర్పు దగ్గర వదిలేసిన అంగీ తెమ్మని అడిగాడు, పుస్తకాలు కూడా. నేను పోయిన నెల నీ రూములో తలుపు వెనక స్వెట్టరు తగిలించి మర్చిపోయొచ్చాను. అది పట్టుకురా. చలి మొదలైంది.

మీ పెదనాన్న